బొంబాయి రాజాబాయి గంటస్తంభం

ముంబయి చూసి వచ్చిన బంధువులను ఏమేమి చూశారని అడిగితే గేట్‌వే, మహాలక్ష్మి గుడి, చౌపాటీ అని వరుసగా చెబుతారు. రాజాబాయి టవరు మాట ఎత్తితే, దూరంనుంచి కనబడిందంటారు. దూరంనుంచి చూసి వదిలివేయవలసిన కట్టడం కాదది. మన విజయనగరంలో గంటస్తంభం ఉన్నది, ఇంకా అనేక పట్టణాలలో ఉన్నవి. కాని, గడియారంలో ముల్లు ఎక్కడ నిలవాలి అన్న ప్రశ్నపై ప్రభుత్వమూ ప్రజలూ ఏళ్ల తరబడి పోట్లాడుకున్న ఊరు బొంబాయి. ఆ పోట్లాటలో ఈ గంటస్తంభానికీ భాగమున్నది, మన మద్రాసుకూ భాగమున్నది.

వెళ్లే దారి సులభమే. పశ్చిమ రైల్వేలో చివరి స్టేషను చర్చిగేటు. అక్కడ దిగి దక్షిణంగా కొద్దిదూరం నడిస్తే ఓవల్ మైదానం వస్తుంది. పిల్లలు క్రికెట్టు ఆడుతూ ఉంటారు. మైదానం నడిమధ్యలో తూర్పుముఖంగా నిలబడితే వంద సంవత్సరాల పైబడిన బొంబాయి మొత్తం ఒక వరుసలో కనబడుతుంది. ఎడమచేతివైపు హైకోర్టు, దాని ప్రక్కన విశ్వవిద్యాలయ గ్రంథాలయం, గ్రంథాలయం నెత్తిన గంటస్తంభం, తరువాత స్నాతకోత్సవ మందిరం, ఆ పైన పాత సెక్రటేరియట్. ఇవన్నీ 1870 తరువాతి పది సంవత్సరాలలో పూర్తి అయినవే. వెనుకకు తిరిగితే, 1930 ప్రాంతాలనుంచి కట్టిన గుండ్రని మూలల ఇళ్లు. ఈ రెండు వరుసలనూ కలిపి 2018లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చినారు.

టవరు ముఖం పడమటికి ఉన్నది కాబట్టి సాయంకాలం వెళ్లడం మంచిది. పసుపు చాయ కలిగిన కుర్లా రాయి ఎండ వాలేవేళ బంగారు రంగుకు తిరుగుతుంది. ఎత్తు 280 అడుగులు. కట్టిన రోజులలో బొంబాయిలో ఇంతకంటె ఎత్తయిన కట్టడం లేదు. క్రింది భాగం బగ్గీలు వచ్చి నిలిచే వాకిలి. లోపల పైకి చుట్టుకుంటూ పోయే మెట్లు. గ్రంథాలయపు కిటికీలకు రంగుల అద్దాలు. 1869 మార్చి 1వ తేదీన శంకుస్థాపన జరిగింది, 1878 నవంబరులో పని ముగిసింది. నమూనా గీసిన సర్ జార్జి గిల్బర్ట్ స్కాట్ ఇంగ్లండులో పేరుపొందిన శిల్పి. ఆయన బొంబాయి ముఖం చూడకుండానే లండనులో కూర్చుండి నక్షా గీసి పంపినారు. దానిని నిలబెట్టినవారు ఇక్కడి ఇంజనీర్లు, ఇక్కడి రాతిపనివారు.

రాజాబాయి ఎవరు? రాణి కాదు, దొరసాని కాదు. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే వ్యాపారి తల్లి. ప్రేమ్‌చంద్ 1831లో పుట్టిన జైనుడు, సూరతునుంచి వచ్చిన కుటుంబం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు చేరడం ఆగిపోయింది. దానితో మన దేశపు ప్రత్తి ధర ఆకాశానికి ఎగసింది. బొంబాయిలో డబ్బు వరదలా పారింది. వాటాల వ్యాపారంలో ప్రేమ్‌చంద్ మాటే వేదమైనది. ఆ రోజులలో, 1864లో, ఆయన గ్రంథాలయానికి 2 లక్షలు, గంటస్తంభానికి మరి 2 లక్షల రూపాయలు ఇచ్చినారు. స్తంభానికి తన తల్లి పేరు పెట్టవలెనన్నది ఒక్కటే కోరిక. మరుసటి సంవత్సరమే అమెరికా యుద్ధం ముగిసింది. ప్రత్తి ధర కూలింది, కంపెనీలు కూలినవి, బ్యాంకులు మూతపడినవి, ప్రేమ్‌చంద్ సంపదా కరిగిపోయింది. ఇచ్చిన దానం మాత్రం చెక్కు చెదరలేదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో నేటికీ ఆయన పేరుమీద విద్యార్థి వేతనమున్నది. డబ్బు ఉన్నప్పుడు ఇచ్చినదే మిగులుతుంది అని మన పెద్దలనే మాటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

రాజాబాయమ్మకు చూపు లేదనీ, జైన నియమం ప్రకారం ప్రొద్దు గ్రుంకకముందే భోజనం ముగించవలసి ఉండేదనీ, ఎవరినీ అడగకుండా వేళ తెలుసుకొనేందుకు కొడుకు ఈ గంట పెట్టించినాడనీ ఊరిలో చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా కథలోని కోరిక మాత్రం ఇంటింటిదీ. ముసలితనంలో ఒకరి మీద ఆధారపడకూడదని ఏ తల్లికి ఉండదు?

ఇక స్తంభం పైభాగంలో కంటికి ఆనకుండా ఉండే బొమ్మలున్నవి. పశ్చిమ భారతంలోని వివిధ జాతుల, కులాల మనుష్యుల రూపాలవి, మొత్తం 24. వాటిని మలచినది రావు బహదూర్ ముకుంద రామచంద్ర అనే ఇంజనీరు. దేవతలను కాక, వీధిలో తిరిగే మనుష్యులను అంత ఎత్తున నిలబెట్టడం మెచ్చుకోదగిన ఊహ. బొమ్మలను చూస్తున్నప్పుడు నాకు కామాఠీపురం జ్ఞాపకం వచ్చింది. 18వ శతాబ్దం చివరనుంచీ తెలంగాణమునుంచి వలసవచ్చిన కామాఠీలు ఈ ఊరిలో రాయి మోసినారు, సున్నం కలిపినారు, గోడలు లేపినారు. వారి పేటకు వారి పేరే నిలిచింది. ఈ నగరంలో ఏ పాతగోడ ముందు నిలబడినా మనవారి చెయ్యి దగ్గరలోనే ఉన్నదని తెలుగువాడు అనుకుంటే అది గొప్పలకు పోవడం కాదు.

ఇప్పుడు పోట్లాట కథ చెప్పుకుందాము.

పూర్వం ప్రతి ఊరికీ తన టైము ఉండేది. సూర్యుడు నడినెత్తికి వస్తే ఆ ఊరికి మధ్యాహ్నం. తూర్పున ఉన్న ఊరికి ముందు, పడమట ఉన్న ఊరికి తరువాత. ఎద్దుబండి ప్రయాణంలో ఈ తేడా ఎవరికీ పట్టలేదు. రైళ్లు వచ్చిన తరువాత చిక్కు వచ్చింది. ఒక్కొక్క స్టేషనులో ఒక్కొక్క టైము ఉంటే బండ్లు నడిచేది ఎట్లా? అందుచేత 1870 ప్రాంతాన దేశంలోని రైళ్లన్నిటికీ మద్రాసు టైము నియమించినారు. మద్రాసులో 1792నుంచి నక్షత్రశాల ఉండేది. అది బొంబాయికీ కలకత్తాకూ నడుమ ఉండడం ఒక సౌకర్యం. అక్కడినుంచి తంతి ద్వారా టైము అన్ని దిక్కులకూ అందేది. అనగా బెజవాడనుంచి బొంబాయివరకు రైలుబండి మన మద్రాసు సూర్యుణ్ణి చూసి నడిచిందన్నమాట.

మద్రాసు టైము బొంబాయి టైముకంటె 30 నిమిషాలు ముందు. 1881లో బొంబాయి గవర్నరు సర్ జేమ్స్ ఫెర్గూసన్ ప్రభుత్వ కార్యాలయాలన్నీ మద్రాసు టైమే పాటించవలెనని ఉత్తరువు చేసినారు. ఊరు ఒప్పుకోలేదు. మా సూర్యుడు మాకు ఉండగా వెయ్యి కిలోమీటర్ల అవతలి సూర్యుడు ఎందుకన్నారు. అప్పటికి రాజాబాయి గడియారం కొత్తది, ఊరందరి కళ్లూ దానిమీదే. రాత్రిపూట దానికి దీపాలు పెట్టే ఖర్చు కావలెనంటే మద్రాసు టైము చూపవలెనని ప్రభుత్వం మెలిక పెట్టింది. విశ్వవిద్యాలయ సెనేటులో ఓటు జరిగితే బొంబాయి టైమే గెలిచింది. దీపం పోయినా సరే, ముల్లు తిప్పము అన్నారన్నమాట!

అసలు యుద్ధం 1906లో. ఆ సంవత్సరం జనవరి 1వ తేదీనుంచి దేశమంతటికీ ఒకే టైము, గ్రీనిచ్‌కు ఐదున్నర గంటలు ముందు, అమలులోకి వచ్చింది. ఇప్పుడు మనమంతా వాడుతున్న స్టాండర్డు టైము అదే. బొంబాయి టైముకు దానికీ తేడా 39 నిమిషాలు. కాగితం మీద చూస్తే చిన్న అంకె. కాని గిర్నీలో పనిచేసేవాడికి ఏమవుతుందో ఆలోచించండి. తెల్లవారి ఆరు గంటలకు హాజరు కావలెనని ఉంటే, ముల్లు 39 నిమిషాలు ముందుకు జరిపిన మరునాడు అతడు అంతమేరకు చీకటిలో లేవవలె. గడియారంలో మారినది ఏమీ లేదు, అదే ఆరు. నిద్రలో మాత్రం మారింది. ఆ జనవరిలోనే ఊరి శివార్లలోని కొన్నివేలమంది మిల్లు కూలీలు మగ్గాలు ఆపి, ఫాక్టరీలమీద రాళ్లు రువ్వినారు. ఊరి నడుమ 15 వేలమందికి పైగా అర్జీలమీద సంతకాలు చేసినారు. వంగ విభజన జరిగి ఏడాదైనా కాని రోజులవి. ప్రజలను అడగకుండా పైనుంచి దింపిన ఏ ఉత్తరువైనా అప్పుడు అగ్గిమీద నెయ్యే. నగరపాలక సంఘంవారు చర్చించి, తమ గడియారాలకు బొంబాయి టైమే ఉంచుకున్నారు. తల్లి పేర గంటస్తంభం కట్టించిన ప్రేమ్‌చంద్ కన్నుమూసినదీ ఆ 1906లోనే.

ఈ రెండు టైముల కాపురం స్వాతంత్ర్యం వచ్చిన తరువాతగాని ముగియలేదు. మా పెద్దనాయన 1940 తరువాత పరేలు ప్రాంతంలో ఒక గిర్నీలో నేతపనికి చేరినారు. ఎవరైనా గంట చెబితే, "బొంబాయి టైమా, స్టాండర్డా?" అని అడిగిన తరువాతనే బయలుదేరేవారట. ఆయనకు రెండింటితోనూ పని లేదు. మిల్లు కూత, ఇక్కడివారి మాటలో భోంగా, ఆయన గడియారం. "టవరు గడియారం దొరలది, భోంగా మనది" అనేవారు. మిల్లులు మూతపడి, భోంగా పోయి, ఆ పొగగొట్టాల చోట అంతస్తుల మేడలు లేచినవి. టవరు గడియారం మాత్రం ఇంకా కొడుతూనే ఉన్నది. పోయినది మనది, నిలిచినది దొరలది అనుకోనక్కరలేదు. దొరలూ పోయినారు కాబట్టి ఇప్పుడది ఊరందరిదీ.

దొరల రోజులలో ఆ గంటలు 16 రాగాలు పలికేవి. రోజుకు నాలుగుసార్లు రాగం మార్చేవారు. వాటిలో బ్రిటిష్ రాజగీతం కూడా ఒకటి. ఇప్పుడు పావుగంట కొకసారి ఒకే రాగం మోగుతుంది. పోయిన శీతకాలంలో మా మనుమరాలిని వెంటబెట్టుకొని వెళ్లినప్పుడు ఓవల్‌లో కూర్చుని విన్నాము. పిల్ల చేతిలోని ఫోను చూసి, గంట విని, మళ్లీ ఫోను చూసింది.

"ఫోన్ల టైము ఉండంగ ఇంత పెద్ద గడియారం ఎందుకు తాతా?"

"ఫోను నీ ఒక్కదానిది బిడ్డా. గంట కొడితే అక్కడ బాలాట ఆడే పిల్లలు, ఇక్కడ చనక్కాయలు అమ్మే ఆయన, కోర్టుకు వచ్చినాయన, అందరు ఒక్కసారి ఇంటరు."

"మరి మన పంచాంగంల టైము వేరే ఎందుకుంటది?"

ఈ ప్రశ్నకు జవాబు మైదానంలో చెప్పి ముగించగలిగినది కాదు. మన పత్రిక చదివే కుటుంబాలకు నిత్యం అవసరమైన సంగతి కాబట్టి ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను.

స్టాండర్డు టైముకు ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ గీత ఉత్తరాన మీర్జాపురం దగ్గర, దక్షిణాన మన తూర్పుతీరంలో కాకినాడకు సమీపంలో సాగుతుంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన తేడా వస్తుంది. యానాంలో గడియారానికీ సూర్యుడికీ తేడా ఒక్క నిమిషం పైచిలుకు. యానాం వారి టైమునే దేశమంతా పాటిస్తున్నదని వారు చమత్కరించినా తప్పులేదు. బరంపురంలో సూర్యుడే గడియారానికి 9 నిమిషాలు ముందు. చెన్నైలో 9 నిమిషాలు వెనుక, మధురలో 17, బెంగుళూరులో 20, బళ్లారిలో 22, షోలాపురంలో 26, భివండిలో 38, ముంబయిలో 39. ఇవి సగటు లెక్కలు. ఋతువునుబట్టి కొన్ని నిమిషాల హెచ్చుతగ్గులుంటవి.

ఇక పంచాంగానికి వద్దాము. గడియారమనే మాటలోనే గడియ ఉన్నది. గడియకు 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. పూర్వం అడుగున చిన్న రంధ్రమున్న గడియకుడుకను నీళ్లలో వదిలి, అది మునిగిన ప్రతిసారీ గంట కొట్టేవారు. లెక్క మొదలయ్యేది సూర్యోదయంతో, అదీ ఆ ఊరి సూర్యోదయంతో. మన ఇళ్లలోని పంచాంగాలు చాలవరకు ఆంధ్రదేశంలోని ఏదో ఒక ఊరి సూర్యోదయానికి గణించినవి. తిథి, నక్షత్రం ముగిసే క్షణం ఎక్కడైనా ఒక్కటే. కాబట్టి స్టాండర్డు టైములో ఇచ్చిన అంకె ముంబయిలోనూ అదే. కాని సూర్యోదయంమీద ఆధారపడినవి, అనగా రాహుకాలం, దుర్ముహూర్తం, లగ్నం, ఊరినిబట్టి మారవలసిందే.

ఒక ఉదాహరణ. సోమవారం రాహుకాలం ఏడున్నరనుంచి తొమ్మిదివరకు అని అందరమూ కంఠతా పట్టినాము. అది ఆరుకు ఉదయం, ఆరుకు అస్తమయం అనుకొని, పగటిని ఎనిమిది పాళ్లు చేసి, రెండవ పాలు తీసిన లెక్క. జనవరి నడుమ ముంబయిలో సూర్యుడు ఉదయించేదే ఏడుంబావు ప్రాంతంలో. అప్పుడు రెండవ పాలు ఎనిమిదిన్నర దాటిన తరువాత మొదలై పదింటికి ముగుస్తుంది. తొమ్మిదికి రాహుకాలం పోయిందని సంచీ చేతబట్టి గడప దాటేవారు నిజానికి దాని నడిమధ్యలో బయలుదేరుతున్నారు!

పండుగలకు కూడా ఇదే చిక్కు. ఒకనాడు తిథి ఉదయం ఆరున్నరకు ముగిసిందనుకోండి. యానాంలో ఆరింటికే సూర్యోదయమైతే అక్కడ ఆ తిథి ఉదయానికి ఉన్నది. ముంబయిలో ఆరూ నలభైకి ఉదయమైతే ఇక్కడ అది వెళ్లిపోయింది. ఏకాదశి అక్కడ ఒకరోజు, ఇక్కడ ఒకరోజు కావచ్చు. ఊరినుంచి అక్కగారు ఫోను చేసి "మీకు పద్ధతులు తెలియకుండా పోయినవి" అని నొచ్చుకుంటే, మనమూ నొచ్చుకోనక్కరలేదు. ఆమె సూర్యుడు ఆమెది, మన సూర్యుడు మనది. పంచాంగం మొదటి పుటలో ఏ ఊరికి గణించినారో వ్రాసి ఉంటుంది. అది చూసి, మన ఊరి సూర్యోదయం చూసి, సవరించుకోవలె.

బొంబాయివారి పంతం చూసి నవ్వుకునేవారు ఉన్నారు. 39 నిమిషాలకు ఇంత రభసా అంటారు. నాకు మాత్రం అందులో నవ్వదగినది కనబడదు. రైలుకు ఒక టైము కావలసిందే. దేశమంతా ఒక మాటమీద నడవాలంటే ఒక గడియారం ఉండవలసిందే. అయినా తన నెత్తిన ఉన్న సూర్యుణ్ణి లేడనుకొమ్మంటే మనిషికి కష్టం. వందల మైళ్ల దూరంలో మూడు నాలుగు తరాలుగా కాపురముంటున్న మనకు ఈ కష్టం బాగా తెలుసు. బయట ఈ ఊరి భాష, ఈ ఊరి టైము. ఇంట్లో పెద్దలు తెచ్చిన భాష, వారు చూసిన పంచాంగం. రెండింటిలో ఏది విడిచినా బ్రతుకు కుంటుతుంది. రెండింటి నడుమ తేడా ఎంతో తెలుసుకొని, కలుపుకొని, తీసివేసుకొని నడవడమే మనవారు ఇన్నాళ్లూ చేసిన పని. పిల్లలకు నేర్పవలసినదీ ఆ లెక్కే.

చూడబోయేవారికి నాలుగు మాటలు. టవరు మెట్లు ఎక్కడానికి మామూలుగా వీలులేదు. పైనుంచి పడి ప్రాణాలు పోయిన విషాదాలు జరగడంవల్ల దానిని మూసివేసినారు. గ్రంథాలయం లోపల చూడదలచినవారు విశ్వవిద్యాలయంవారి అనుమతి పొందవలె. 2013నుంచి 2015వరకు గోపురానికీ గ్రంథాలయానికీ జీర్ణోద్ధరణ జరిగింది. నల్లబడిన రాళ్లు కడిగినారు, రంగుల అద్దాలు బాగుచేసినారు. బయటనుంచి చూడడానికి రుసుము లేదు. మైదానంలో పడమటివైపు చెట్లనీడన కూర్చుంటే కనీసం రెండు గంటలు వినేదాకా, అనగా అరగంట సేపైనా, లేవకండి. పిల్లలను తప్పక తీసుకొనిపోండి. వెళ్లేముందు మీ ఊరికీ స్టాండర్డు టైముకూ ఎన్ని నిమిషాల తేడానో వారిచేతనే లెక్క వేయించండి. డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంతే. ఐదవ తరగతి పిల్లవాడు కూడా చేయగలడు.